నెమ్మది మంట: అల్-కిందీ దారిలో పన్నీరు తీస్తున్న ప్రాజెక్టు డైరీ

డిసెంబరు: లక్ష్యం

తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో వాడిన తరహా పాత్రలతో, అప్పటి తరహా మంట మీద పన్నీరు, అంటే గులాబీ నీరు, తీయాలి. ఈ ప్రాజెక్టు పని అదే. కుక్కరు మూతకు గొట్టం బిగించి ఇంట్లో గులాబీ నీరు తీసే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. వాటితో నీరు వస్తుంది కానీ, వెయ్యేళ్ల క్రితం ఆ పని చేసినవాళ్లకు ఏం తెలుసో మనకు తెలియదు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది అది.

దారి చూపే గ్రంథం అబూ యూసుఫ్ యాకూబ్ అల్-కిందీ (సుమారు 801–873) పేరుతో మనకు అందిన పరిమళాల రసాయనం, స్వేదనాల పుస్తకం. అందులో 107 తయారీలు ఉన్నాయి. సుగంధ నూనెలు, లేపనాలు, పూల నీళ్లు, ఖరీదైన సరుకులకు బదులు సరుకులు అన్నీ ఉన్నాయి. ఖలీఫాలు అల్-మామూన్, అల్-ముతసింల కాలంలో బాగ్దాదులో పనిచేసిన అల్-కిందీని అరబ్బుల తత్త్వవేత్త అని పిలుస్తారు. గణితం, సంగీతం, కాంతి, వైద్యం, ఇలా ఆయన చెయ్యి పెట్టని శాస్త్రం దాదాపు లేదు. తక్కువ లోహాలను బంగారం చేస్తామనేవాళ్ల మాట మాత్రం ఆయన నమ్మలేదు. అది మోసమని ఒక గ్రంథమే రాశాడు. తర్వాతి తరంలో వైద్యుడు, రసవాది అల్-రాజీ దానికి ఖండన రాశాడు. బంగారం కథలను అంత గట్టిగా కొట్టిపారేసిన పండితుడు, కస్తూరి ఎంత, నూనె ఎంత, ఏ పాత్రలో ఎంత వేడి అని ఓపికగా రాయించాడంటే, పరిమళాల పనిని ఆయన నిజమైన విద్యగా చూశాడన్నమాట. నాకు ఆ పుస్తకం మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం కూడా ఇదే.

నియమాలు కొన్ని పెట్టుకున్నాను. చుట్టలు చుట్టిన గొట్టం వాడకూడదు. మంచుగడ్డలు, పంపు నీళ్లు, ఒత్తిడి పాత్రలు వాడకూడదు. ఉష్ణమాపకం మాత్రం ఉంటుంది, కొలవడానికే. ద్రాక్షసారాను కూడా ఇదే తీరులో ఆవిరి పట్టి తీస్తారని, అది పన్నీరులా తేటగా వస్తుందని అల్-కిందీ ప్రస్తావిస్తాడు. ఇంట్లో ఆ పని చట్టవిరుద్ధం కాబట్టి దాని జోలికి పోను.

డిసెంబరు చివర: పాత్రలు

సామాను మూడే ముక్కలు. కింద సొరకాయ ఆకారంలో ఉండే పాత్ర, దాన్ని ఖర్ అంటారు. దాని మీద బోర్లించే తల అంబీక్. తల నుంచి కిందికి వాలిన ముక్కు చివర, చుక్కలు పట్టే పాత్ర ఖాబిలా. ఇవి అరబ్బులు కొత్తగా కనిపెట్టినవి కావు. సుమారు క్రీ.శ. 300 ప్రాంతంలో ఈజిప్టులో ఉన్న రసవాది జోసిమస్ తన రాతల్లో, యూదు స్త్రీ మరియా చేసిన ఇలాంటి పరికరాలను వర్ణించాడు. ఆ విద్య గ్రీకు నుంచి అరబ్బీలోకి వచ్చాక దాని స్థాయే మారిపోయింది. అల్-రాజీ (865–925) తన రహస్యాల గ్రంథంలో పొయ్యిలు, తిత్తులు, మూసలు, ఖర్, అంబీక్, ముక్కులేని గుడ్డి అంబీక్, ఘనపదార్థాలను ఆవిరి చేసి పట్టే ఉథాల్ అని వరసగా చెప్పుకుంటూ పోతాడు. కార్ఖానా గది గోడకు తగిలించిన పట్టీ చదువుతున్నట్టు ఉంటుంది.

అంబీక్‌ను రాగితో చేయించవచ్చు. నేను గాజునే ఎంచుకున్నాను. అప్పట్లోనూ గాజు వాడేవారు. పైగా లోపల జరుగుతున్నది కళ్లారా చూడాలని నా కోరిక. ప్రయోగశాలలకు సామాను ఊదే గాజు పనివారి దగ్గరికి బొమ్మ గీసి తీసుకువెళ్లాను. తల లోపలి అంచు చుట్టూ, లోపలికి మడిచిన కాలువ ఉండాలి. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

“మేడమ్, ఆవిరి బయటికి పోవడానికి పక్కన గొట్టం ఉంది కదా. మళ్లీ లోపల ఈ కాలువ ఎందుకండీ?”

అంబీక్ గుట్టు అంతా ఆయన అడిగిన ప్రశ్నలోనే ఉంది. ఇప్పటి యంత్రంలో ఆవిరి గొట్టంలోకి పోయి, బయట చల్లబడి నీరవుతుంది. అంబీక్‌లో తలే చల్లబరిచే చోటు. ఆవిరి పైకి లేచి గుండ్రటి లోకప్పును తాకి, అక్కడే చుక్కగా మారి, గోడ వెంట జారి కాలువలో పడాలి. కాలువ లేకపోతే చుక్క మళ్లీ కింది పాత్రలోకే పోతుంది. ముక్కు గుండా బయటికి వచ్చేది చాలావరకు అప్పటికే నీరైన ఆవిరి. ఇది విన్నాక ఆయనకు పని మీద ఆసక్తి కలిగింది. కాలువను ముక్కు వైపు కొద్దిగా వాల్చాలని ఆయనే చెప్పారు. వేలు వెడల్పు కాలువ, నాలుగు మిల్లీమీటర్ల వాలు. కింది పాత్ర అయిదు లీటర్లు పట్టేది.

జనవరి: అతుకు, పొయ్యి

తలకూ పాత్రకూ మధ్య సందు మూయడం చిన్న పని కాదు. పాత గ్రంథాల్లో దీనికి ‘జ్ఞానపు మట్టి’ అనే పేరుతో ప్రత్యేకమైన మట్టి ఉంది. మెత్తని బంకమట్టిలో సన్నగా తరిగిన వెంట్రుకలు, ఉప్పు వంటివి కలిపి పిసికి, ఆరితే పగలకుండా ఉండేలా తయారుచేసేవారు. అతుకులకే కాదు, గాజుపాత్ర మంటకు పగలకుండా అడుగున పూతగానూ ఇది పనికొచ్చేది. ఆనాటి గాజు ఈనాటి ప్రయోగశాల గాజు కాదు. వేడి ఒక్కసారిగా తగిలితే చిట్లిపోయేది.

పాతబస్తీలో యునానీ మందులు తయారుచేసే ఒక పెద్దాయనను కలిశాను. యునానీ వైద్యంలో అర్కులు, అంటే ఆవిరి పట్టి తీసే మందు నీళ్లు, తీసే యంత్రాన్ని ఇప్పటికీ ఖరా అంబీఖ్ అనే అంటారు. బాగ్దాదు పుస్తకాల్లోని పరికరం పేరు హైదరాబాదులో వాడుకలో ఉండటం నాకు పట్టలేనంత ఆనందం కలిగించింది. ఆయన వాడేది రాగి పాత్ర, లోపల కళాయి పూత. అతుకుకు గోధుమపిండి ముద్ద, పైన గుడ్డపీలిక.

“మట్టయినా పిండయినా ఒకటే బేటీ. మంట ఎక్కువైతే ఏదీ ఆగదు. మంట సరిగ్గా ఉంటే ఏదైనా ఆగుతుంది” అన్నారు.

పిండి ముద్ద చుట్టి, మీద తడి నూలు పీలికలు బిగించి చూశాను. వేడి తగిలాక అరగంటలో పిండి ఉడికి గట్టిపడి, అతుకు బిగిసింది. ఆవిరి వాసన బయటికి రాలేదు. వెంట్రుకల మట్టిని మరో రోజు చేశాను. అది ఆరడానికి రాత్రంతా పట్టింది, తర్వాత తల ఊడదీయడానికి గోరువెచ్చని నీళ్లతో నానబెట్టాల్సి వచ్చింది. పూలపనికి పిండే మేలు.

పొయ్యి మట్టిది, బొగ్గుతో. దాని మీద వెడల్పాటి ఇత్తడి గుండిగ, అందులో నీళ్లు, ఆ నీళ్లలో గాజుపాత్ర. అడుగు తగలకుండా కింద గడ్డిచుట్ట. బొగ్గు మీద బూడిద కప్పి, తీసి, మంటను అదుపు చేయడం రెండు మూడు పూటల్లో చేతికి వచ్చింది.

జనవరి మధ్య: పూలు

ఆ కాలంలో పన్నీరు అంటే మొదట వినబడే పేరు ఫార్స్. అక్కడి జూర్ పట్టణం, అంటే ఇప్పటి ఇరాన్‌లోని ఫిరోజాబాద్, గులాబీలకు ప్రసిద్ధి. అల్-మామూన్ నాటి ఆదాయ పట్టిక ఒకదాన్ని చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన గ్రంథంలో ఎత్తి రాశాడు. అందులో ఫార్స్ రాష్ట్రం ఏటా ఖజానాకు పంపవలసిన వాటిలో నగదుతో పాటు 30,000 సీసాల పన్నీరు ఉంది. పన్ను కింద పన్నీరు! ఒక రాష్ట్రం ఏటా అంత పన్నీరు పంపేదంటే, ఎన్ని తోటలు, ఎన్ని పొయ్యిలు, ఎంతమంది గాజు పనివారు ఉండేవారో ఊహించుకోండి. పదో శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ హౌకల్ జూర్ పన్నీరు మగ్రిబ్ (ఉత్తర ఆఫ్రికా పడమటి భాగం), ఈజిప్టు, యెమెన్, హిందూదేశం, చైనా వరకు పోతుందని రాశాడు.

నాకు దొరికినవి డమాస్కస్ జాతి పూలు కావు. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూలబజారులో తెల్లవారకముందే దిగే నాటు గులాబీలు, పలచని గులాబీరంగువి. దండలకు కట్టే పెద్ద ఎర్ర గులాబీలకు అందమే గానీ పరిమళం తక్కువ. బుట్టలో చెయ్యి పెట్టి, పూవును ముక్కుకు దగ్గరగా తెచ్చుకుని, వాసన ఉన్నవే ఏరుకున్నాను. ఎండ ఎక్కకముందే రేకులు తుంచాలి. పచ్చని దొప్పలు, పుప్పొడి తీసేశాను. ఏడు వందల గ్రాముల రేకులు, రెండు లీటర్ల నీళ్లు, పాత్ర మెడ దాకా నిండింది.

జనవరి చివర: చుక్క పుట్టడం

నీళ్ల గుండిగ మరగడం మొదలయ్యాక చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అంబీక్ లోపలి గోడ మసకబారింది. మసక మెల్లగా చిన్న చిన్న గింజలుగా విడిపోయింది. గింజలు ఒకదానిలో ఒకటి కలిసి బరువెక్కి, ఒక్కొక్కటీ గీత గీసినట్టు కిందికి జారాయి. కాలువ నిండటానికే చాలాసేపు పట్టింది. కాలువలో నీరు ఒక పక్కకు చేరి, ముక్కు దగ్గర ఒక క్షణం ఉబ్బి ఆగి, మొదటి చుక్క దిగింది. ఆ కాలువ లేకపోతే ఇదంతా వృథా అని పుస్తకంలో చదవడం వేరు, గాజులోంచి చూడడం వేరు.

మొదటి చుక్కల్లో పచ్చి ఆకు వాసన ఉంది. కొంతసేపయ్యాక గులాబీ వచ్చింది. నాకు తెలిసిన బజారు పన్నీరు లాంటిది కాదు, కొద్దిగా తేనె, కొద్దిగా మిరియం తగిలిన గులాబీ. చివర్లో ఉడికిన కూర వాసన మొదలైంది. అక్కడ ఆపాలి. మూడు భాగాలను మూడు సీసాల్లో పట్టాను.

వేగం గంటకు 45 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ఇంత నెమ్మది ఎందుకో లెక్క వేస్తే తేలింది. తల గాజు గాలికి ఇవ్వగలిగిన వేడి దాదాపు ముప్పై వాట్లు. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడి సుమారు 2,260 జౌళ్లు. ఆ రెండింటినీ బట్టి గంటకు యాభై మిల్లీలీటర్ల దగ్గరే ఆగాలి. అంటే అంబీక్‌లో వేగాన్ని నిర్ణయించేది మంట కాదు, తల. మంట పెంచితే చుక్కలు పెరగవు. నీరు కాలేకపోయిన ఆవిరి ముక్కులోంచి గాలిలోకి పోతుంది, పరిమళాన్ని వెంట తీసుకుని.

అరబ్బీ రసాయన గ్రంథాల్లో ‘మెత్తని మంట’ అనే మాట అడుగడుగునా వస్తుంది. చదివేటప్పుడు అది అలవాటుగా రాసే మాట అనిపించేది. ఈ పాత్ర ముందు కూర్చుంటే, అది కొలత అని తెలిసింది. ఉష్ణమాపకం లేని కాలంలో వేడిని అంకెల్లో చెప్పలేరు. ఏ మంటకు ఏ పాత్ర, నీళ్లలో పెట్టాలా, బూడిదలోనా, నేరుగా నిప్పు మీదనా అని చెప్పడమే వాళ్ల డిగ్రీలు. అల్-కిందీ పుస్తకంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది సరుకుల జాబితా కాదు, ఈ నిప్పు తెలివి.

ఫిబ్రవరి: రెండు మంటలు పక్కపక్కన

నేరుగా బొగ్గు మీద పెడితే ఏమవుతుందో పోల్చి చూడాలనుకున్నాను. అదే తూకం పూలు, అంతే నీళ్లు, పాత్ర అడుగున మట్టిపూత. చుక్కలు త్వరగా మొదలయ్యాయి. కానీ అడుగుకు చేరిన రేకులు ముద్ద కట్టి మాడాయి. వచ్చిన నీటిలో గులాబీ వెనక పొగ, కాలిన చక్కెర వాసన. ఎన్నాళ్లు నిలవ ఉంచినా అది పోలేదు.

నీళ్ల గుండిగ పద్ధతిలో అలా జరిగే అవకాశమే లేదు. హైదరాబాదు ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చుట్టూ మరిగే నీళ్లున్నా, వేడి లోపలికి పోవాలంటే లోపల అంతకన్నా తక్కువ వేడి ఉండాలి కదా. కొలిస్తే లోపల 95 ఉంది. రేకులు ఎప్పుడూ తెర్లవు, ఊరకే ఆవిరి విడుస్తూ ఉంటాయి. గులాబీ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 219 డిగ్రీల దగ్గర గానీ మరగదు. అయినా నీటి ఆవిరితో కలిసి అంత తక్కువ వేడికే పైకి వస్తుంది, నీటిలో బాగా కరుగుతుంది. అందుకే అది పన్నీరులో మిగిలిపోతుంది. పైన తేలే గులాబీ నూనె వేరే కథ. కిలో నూనెకు మూడున్నర నాలుగు టన్నుల డమాస్కస్ రేకులు కావాలి. ఏడు వందల గ్రాములతో దాని జాడ కోసం వెతకడం అనవసరం.

ఫిబ్రవరి మధ్య: తడిగుడ్డ

తలే చల్లబరిచే చోటు అని తెలిశాక, తలను చల్లబరచడమే మిగిలింది. నియమం ప్రకారం తడి నూలుగుడ్డ మాత్రమే. గుడ్డను తల మీద కప్పి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఉంటే వేగం రెట్టింపు దాటింది. గుడ్డ మీంచి ఆరే నీరు వేడిని లాక్కుపోతుంది. అయితే ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి. సీజనులో పదుల కొద్దీ అంబీక్‌ల ముందు తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్న పనివాళ్ల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. 30,000 సీసాల వెనక ఉన్నది వాళ్లు.

ఇక్కడే ఒక మాట. గులాబీ స్వేదనాన్ని ఇబ్న్ సీనా (980–1037) కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తుంటారు. ఆయన పుట్టడానికి వందేళ్లకు ముందే అల్-కిందీ కన్నుమూశాడు. అంతకు ముందే ఫార్స్ పన్నీరు పన్నుగా బాగ్దాదు చేరుతోంది. ఇబ్న్ సీనా గొప్పతనానికి వైద్యగ్రంథం ఒక్కటి చాలు. తోటమాలులు, గాజు పనివారు, బట్టీల దగ్గర పనిచేసేవాళ్లు తరాల తరబడి దిద్దుకున్న విద్యను ఒక పెద్దపేరుకు కట్టబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఫిబ్రవరి చివర: పెద్ద బట్టీలు, దూరపు రేవులు

పన్నీరు తీయడం గురించి రాసినవాడు అల్-కిందీ ఒక్కడే కాదు. స్పెయిన్‌లోని కార్డొబాకు చెందిన శస్త్రవైద్యుడు అల్-జహ్రావీ (936–1013) ముప్పై భాగాల వైద్యగ్రంథంలో 28వ భాగం మందుల తయారీకే కేటాయించి, పన్నీరు తీయడం అందులో వివరించాడు. ఆ భాగం లాటిన్‌లోకి వెళ్లి 1471లో వెనిస్‌లో అచ్చయింది. యూరప్ మందుల తయారీదారులు ఈ విద్యను నేర్చుకున్న దారుల్లో అదొకటి.

డమాస్కస్ పక్కన మిజ్జా అనే ఊరి బట్టీల గురించి భూగోళ రచయిత అల్-దిమష్కీ (మరణం 1327) రాశాడు. అక్కడ ఒకే పొయ్యి చుట్టూ, అంతస్తులుగా, ఎన్నో గాజు ఖర్‌లను పేర్చేవారు. అక్కడి పన్నీరు హిజాజ్, యెమెన్, సింధు, హిందూదేశం, చైనా దాకా పోయేదట.

హిందూదేశం అన్నప్పుడు నాకు మోటుపల్లి గుర్తుకొచ్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం, ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని గుంజుకోబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాట ఇస్తుంది. సుంకం వేసిన సరుకుల్లో చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, జవ్వాది, పగడాలతో పాటు పన్నీరు కూడా ఉంది. మిజ్జా, ఫార్స్ బట్టీల సరుకు సముద్రాల మీద తిరుగుతున్న కాలంలోనే మన తీరంలోనూ పన్నీరుకు సుంకం పట్టీ ఉండేది.

మార్చి: కర్పూరం, నూనె

ఉథాల్ పద్ధతిని కర్పూరంతో చిన్నగా చూశాను. కర్పూరం కరగకుండానే ఆవిరై పై గిన్నె లోపల తెల్లని సూదులుగా పేరుకుంటుంది. ఆరుబయట, మంట దరిదాపుల్లో లేకుండా, వేడి ఇసుక మీదే చేయాలి. కర్పూరం ఆవిరి అంటుకుంటుంది, పీల్చకూడదు. ఎక్కువ రాయడానికి లేదు, తేలికైన పని.

అసలు పెద్ద అధ్యాయం గాలియా. కస్తూరి, అంబర్‌లను బాన్ నూనెలో కలిపి చేసే ఈ లేపనం రాజుల పరిమళం. అప్పటి సుగంధద్రవ్యాలు చాలావరకు నూనె ఆధారంగా చేసినవే, సారాయి ఆధారంగా కాదు. టిబెట్ కస్తూరి అన్నిటికన్నా మేలైనదని, అక్కడి జింకలు సువాసన గల మొక్కలు మేస్తాయని పదో శతాబ్దపు చరిత్రకారుడు అల్-మసూదీ రాశాడు. మన దేశంలో కస్తూరి మృగానికి, అంబర్ ఇచ్చే తిమింగలానికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఆ రెండూ నేను ముట్టుకోను. విచిత్రమేమిటంటే దారి అల్-కిందీయే చూపాడు. కస్తూరి, కర్పూరం, అంబర్‌ల అనుకరణలకు ఆయన పుస్తకంలో తయారీలు ఉన్నాయి. అవి మోసానికని కొందరు అంటారు. నాకు మాత్రం అవి కొనేవాడి కళ్లు తెరిపించడానికీ పనికొచ్చేవే అనిపిస్తుంది. పన్నెండో శతాబ్దపు సిరియాలో అల్-షైజరీ బజారు తనిఖీ అధికారుల కోసం రాసిన గ్రంథంలో అత్తరు అమ్మేవాళ్లకు ఒక అధ్యాయం ఉంది. కల్తీని పట్టాలంటే కల్తీ చేసే విధానం తెలియాలి.

బాన్ నూనె మాత్రం మనకు దగ్గరి చుట్టమే. అది అరేబియాలో పెరిగే మునగ జాతి చెట్టు గింజల నూనె. మన మునగ గింజల నూనె కూడా త్వరగా కనరెక్కదు, వాసనను పట్టి ఉంచుతుంది. గానుగ పట్టించిన మునగ నూనె అర లీటరు తెచ్చి పెట్టాను. చందనం, నాగకేసరం, కొద్దిగా కుంకుమపువ్వుతో ఒక చిన్న తయారీ సాగుతోంది. రోజూ సన్నని వేడి మీద ఒకసారి కదిపి, మూతకు గుడ్డ కట్టి ఉంచుతున్నాను.

జనవరి చివర తీసిన పన్నీరు మధ్యభాగాన్ని ఈ వారం మళ్లీ తెరిచాను. ఉడుకు వాసన తగ్గి గులాబీ ముందుకొచ్చింది. యునానీ పెద్దాయన వాసన చూసి, నెల నిలవ ఉంచినందుకు మెచ్చుకుని, తల ఇంకాస్త ఎత్తుగా ఉంటే మొదటి భాగంలోని పచ్చివాసన తగ్గుతుందేమో చూడమన్నారు.

తర్వాతి పనులు: అంబీక్ తలను రెండు అంగుళాలు ఎత్తు పెంచి మరొకటి ఊదించడం. ఏప్రిల్‌లో మల్లెలు విరివిగా దిగగానే, పొట్టు తీసిన నువ్వులను మల్లెల మధ్య పొరలుగా పరిచి, పూలు మారుస్తూ వాసన పట్టించి నూనె తీయడం. మధ్యయుగపు అరబ్బు దేశాల్లో మల్లె నూనెను ఈ పద్ధతిలోనూ తీసేవారు. నువ్వుల కోసం గానుగ వాళ్లతో మాట్లాడాను, ఉగాది తర్వాత రమ్మన్నారు.